రేడాన్ మీటరుకు జేజేలు

మన ఇంటి గాలి మంచిది కాదని తెలియడం కన్నా అదృష్టం మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను. నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

రేడాన్ అంటే తెలుసు కదా? నేల అడుగు నుంచి గచ్చు పగుళ్లలోంచి ఇంట్లో దూరే గ్యాసు. రంగుండదు, వాసనుండదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ రావచ్చు.

మా ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆమే ఓ మీటరు తెచ్చి కింది గదిలో పెట్టింది. సగం నేలలో దిగబడిన ఆ గదిలో మా అత్తగారుంటారు. ఉన్న ఒక్క కిటికీ తెరుచుకోదు. కొన్నాళ్లకు మీటరులో ఎర్రలైటు వెలిగింది.

ఇల్లు ఎంత కళకళలాడిందో! ఎవరి ఫోనులో వాళ్లు తలదూర్చి బతికే మేము, పొద్దున్నే మీటరు చుట్టూ చేరి "ఇవాళెంత?" అని పలకరించుకోసాగాం. మా మీటరు అడిగి పట్టుకెళ్లిన పక్కింటి డ్రైవింగ్ మాస్టారు, వాళ్లింట్లో అంకె తక్కువొచ్చిందని చిన్నబోయాడు కూడా.

మా ఆవిడ మాత్రం ఈ సంబరంలో కలవలేదు. "అమ్మ రోజంతా పీల్చేది ఆ గాలేనండీ" అంది.

పగుళ్లు పూడ్పించమని పై అంతస్తులో ఉండే ఓనరుగారిని అడిగాను. ఆయన దిగొచ్చి మీటరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తప్పు చోట పెట్టారు సార్. మా హాల్లో పెట్టి చూడండి, బిల్డింగు ఎంత మంచిదో మీకే తెలుస్తుంది."

పట్టుకెళ్లి పెట్టాడు. నిజమే, అక్కడ పచ్చలైటు వెలిగింది. సమస్య తీరిపోయిందన్నాడు. సైన్సంటే అదీ.

అత్తగారు దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని మెట్లెక్కారు.

"ఎక్కడికమ్మా?" అంటూ మా ఆవిడ, ఆమె వెనకే నేను.

"మీటరు దగ్గరికి. అక్కడి గాలి మంచిదని తేలిందిగా."

వెళ్లి ఓనరుగారి సోఫాలో నడుం వాల్చారు. "ఆ టీవీ సౌండు కాస్త తగ్గించు బాబూ."

"ఎన్నాళ్లుంటారమ్మగారూ?" ఓనరుగారు సౌండు తగ్గిస్తూ అడిగాడు.

"కింద కూడా పచ్చలైటు వెలిగేదాకా నాయనా. నాకేం తొందర లేదు."

మర్నాడే తాపీమేస్త్రీ వచ్చాడు. పగుళ్లు పూడ్చాడు. గచ్చు కింది గాలిని బయటికి లాగేసే గొట్టం, ఫ్యాను బిగించాడు. కిటికీ కూడా తెరుచుకుంది. మీటరును మళ్లీ కింద పెట్టి, పచ్చలైటు వెలిగాకే అత్తగారు సోఫా దిగారు.

అందుకే ప్రతి ఇంటికీ ఒక మీటరుండాలని నా వాదన. కొనేముందు ఒక్క మాట. డబ్బాలో అత్తగారు రారు. ఆవిడను విడిగా సంపాదించుకోవాలి.