కంచె బయటి నుంచి కోళ్ల లెక్క

ఒక పెద్ద అడవిలో, అంటే అది పెద్దదని అంచనాల శాఖ రాసింది కాబట్టి మనమూ పెద్దదనే అనుకుందాం, టర్కీ కోళ్ల ఫారం ఒకటి ఉండేది. దాని యజమాని అప్పన్న అనే ఎలుగుబంటి. చుట్టూ వెదురు కంచె, లోపల నలభై పుంజులు, రెండు వందల పెట్టలు.

మృగరాజుకి ఆ ఫారం మీద మహా మోజు. చుట్టుపక్కల అడవులన్నిటికంటే తన అడవిలోనే టర్కీ కోళ్లు ఎక్కువ ఉండాలనీ, ఏటేటా పెరుగుతూ ఉండాలనీ ఆయన కోరిక. పెరిగాయో లేదో చెప్పడానికి అంచనాల శాఖ పెట్టి, దానికి జంబుకేశ్వరరావు అనే నక్కని డైరెక్టరుగా వేశాడు.

కోళ్ల లెక్కకి నక్కని వెయ్యడమేమిటని మీరు అడగొచ్చు. అడవిలో కూడా అడిగారు. అడిగినవాళ్లని ఎడారికి బదిలీ చేశారు.

జంబుకేశ్వరరావు మాత్రం నిజాయితీపరుడే. "నేను లోపలికి వెళ్లి లెక్కపెడితే, పెడుతూండగానే లెక్క తగ్గిపోతుంది. నా సంగతి నాకు తెలుసు. అందుకని బయటి నుంచే శాస్త్రీయంగా వెయ్యాలి," అన్నాడు.

టర్కీ పుంజుకో జబ్బు ఉంది. ఎక్కడ పెద్ద చప్పుడైనా, తనకి సంబంధం ఉన్నా లేకపోయినా, మెడ సాచి "గొబగొబగొబ" అని జవాబిస్తుంది. పెట్టకి ఆ అలవాటు లేదు. తన పనేదో తను చూసుకుంటుంది. డైరెక్టరు కంచె బయట నిలబడి ఒక్క ఊళ వేశాడు. లోపల నలభై గొంతులు పలికాయి. ఒక్కో పుంజుకి అయిదు పెట్టలు ఉండటం రివాజు కాబట్టి, ఒక్కో అరుపుకి ఆరు కోళ్లు. నలభై ఆర్లు రెండు వందల నలభై.

ఆ అంకె సరిగ్గా సరిపోయింది. అదే కొంప ముంచింది. మొదటిసారే లెక్క కుదిరేసరికి ఆ పద్ధతిని రాతి మీద చెక్కించి, డైరెక్టరు మెడలో పూలదండ వేశారు.

అంచనాలో ఎన్ని కోళ్లుంటే అన్నిటికీ మృగరాజు గాదె నుంచి దాణా వస్తుంది. అప్పన్న ఒక రోజు తేనెపట్టు ముక్క తీసుకుని డైరెక్టరు గుహకి వెళ్లాడు.

"సార్, నాకో సందేహం. పెట్ట అరవదు కదా?"

"అరవదు."

"అయితే ఒక పెట్టని పెంచితే మీ కాగితంలో ఎంత?"

"సున్నా."

"పుంజుని పెంచితే?"

"ఆరు," అన్నాడు డైరెక్టరు తేనె నాక్కుంటూ. "పద్ధతి పద్ధతే అప్పన్నా, నేను మార్చలేను."

"మార్చొద్దు సార్, ఎంత మంచి పద్ధతి!" అంటూ అప్పన్న ఇంటికి పరుగెత్తాడు.

ఆ వారం నుంచే పక్క అడవులతో మారకం మొదలైంది. రెండు పెట్టలిచ్చి ఒక పుంజు తెచ్చుకోవడం. మరుసటేడు డైరెక్టరు ఊళ వేస్తే డెబ్బై అయిదు గొంతులు పలికాయి. నాలుగు వందల యాభై కోళ్లు! అడవంతా సంబరాలు. ఫారంలో గుడ్లు మాత్రం తగ్గాయి. గుడ్ల లెక్క వేరే శాఖది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మూడో ఏడు లెక్క రోజున జడివాన. పుంజులు మెడలు రెక్కల్లో దూర్చుకుని నోరు విప్పలేదు. డైరెక్టరు కంగారు పడలేదు. "జవాబు రానిచోట పోయినేటి అంకె మీద పదో వంతు కలుపుకోవాలి," అని తనే ఒక నియమం రాసుకుని, దాని ప్రకారం నాలుగు వందల తొంభై అయిదు అని తేల్చేశాడు. నోరు విప్పకపోయినా కోళ్లు పెరగడం ఆ అడవి గొప్పతనం.

నాలుగో ఏటికి ఫారంలో నూట యాభై పుంజులున్నాయి. పెట్టలు ఎనిమిది మిగిలాయి. ఆ ఎనిమిదిలో ఒకటి బూడిదమ్మ, ఏడు ఆమె కూతుళ్లు. బాగా పొదుగుతుందని అప్పన్న బూడిదమ్మని అట్టేపెట్టుకున్నాడు. కూతుళ్లు ఇంకా ఎదగలేదు. వచ్చే నెల ఎదుగుతాయి, ఆపైన పక్క అడవికి మారకానికి పోతాయి. పక్క అడవిలో వాటినేం చేస్తారో అడగకండి. పోయినవాళ్లలో ఒక్కరూ కబురు పంపలేదు.

లెక్క రోజున బూడిదమ్మ కంచె దగ్గరికొచ్చి నిలబడింది.

"అయ్యగారూ, ఒక్కసారి లోపలికి చూడండి. మేం ఎనిమిది మందిమే మిగిలాం."

"ఏమ్మా, నువ్వు అరుస్తావా?"

"అరవనండి. మాట్లాడుతున్నాను."

"మాటలకి మా కాగితంలో గడి లేదమ్మా. పక్కకి జరుగు, శబ్దం సరిగా వినపడటం లేదు," అని డైరెక్టరు ఊళ వేశాడు. నూట యాభై గొంతులు ఆకాశం దద్దరిల్లేలా పలికాయి. బూడిదమ్మ కడుపు మండిపోయింది. కానీ ఆమె కడుపు మంటకి కూడా గడి లేదు.

తొమ్మిది వందలు! ఆ అంకె విని మృగరాజు సింహాసనం మీద కూర్చోలేక లేచి నిలబడ్డాడు. "ఇన్ని కోళ్లున్నప్పుడు నలుగురికీ పెట్టకపోతే ఏం మర్యాద? సగం వండించండి," అన్నాడు. నాలుగు వందల యాభై కోళ్లు, తలకి మూడు చొప్పున నూట యాభై మంది అతిథులు. తొమ్మిది అడవుల పులులకీ, చిరుతలకీ, తోడేళ్లకీ పిలుపులు వెళ్లాయి. ఆ పిలుపులన్నీ డైరెక్టరే స్వయంగా రాశాడు.

విందు నాడు పొద్దున్నే మృగరాజు అతిథులతో సహా ఫారానికి వచ్చాడు. అప్పన్న తలుపు తీశాడు. లోపల ఉన్నవన్నీ కలిపి నూట యాభై ఎనిమిది.

"మిగతావి ఏవి?" అన్నాడు మృగరాజు.

అప్పన్న డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు కంచె వైపు చూశాడు.

"సరే, ఉన్నవన్నీ పట్టండి!" అని మృగరాజు గర్జించాడు. భటులు ముందుగా లేత పెట్టల వైపే నడిచారు. బూడిదమ్మ కూతుళ్లని వెనక్కి నెట్టి ముందుకొచ్చింది.

"ప్రభూ, తమకి కావలసింది నాలుగు వందల యాభై కదా?"

"అవును."

"ఒక్కో పుంజూ ఆరు కోళ్లని తమ శాఖే రాతి మీద చెక్కించింది. డెబ్బై అయిదు పుంజుల్ని తీసుకోండి, నాలుగు వందల యాభై అవుతాయి. లెక్క చెల్లు."

మృగరాజు పంజా వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తప్పు దొరకలేదు.

"మరి మీరు?"

"మేం అరవం ప్రభూ. నాలుగేళ్లుగా లెక్కలో లేం. లెక్కలో లేనివాళ్లని వడ్డిస్తే, రాజుగారు లెక్కా పత్రం లేకుండా తింటున్నారని ఈ తొమ్మిది అడవులవాళ్లూ ఆడిపోసుకుంటారు."

అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరువు పోతుందంటే మృగరాజుకి చలిజ్వరం వస్తుంది. "పెట్టల్ని వదిలెయ్యండి," అన్నాడు. ఏ పుంజుల్ని పట్టాలని భటులు అడిగితే, లోపలున్న పుంజులన్నీ తమ పేరే పిలిచినట్టు "గొబగొబ" అన్నాయి. గట్టిగా అన్నవాటిని ముందు పట్టుకున్నారు.

మధ్యాహ్నానికి విస్తళ్లు పరిచారు. కాగితం మీద తలకి మూడు కోళ్లు. విస్తట్లో తలకి అర కోడి. అది తిని నూట యాభై మంది అతిథులూ నాలుకలు చప్పరించుకుంటూ కూర్చున్నారు. ఒక్కరూ లేవలేదు.

మృగరాజు మెల్లగా తల తిప్పాడు. "జంబుకేశ్వరరావ్, ఒక పుంజు ఆరు కోళ్లయితే, ఒక డైరెక్టరు ఎన్ని కోళ్లు?"

"ప్రభూ! అది తాత్కాలిక అంచనా మాత్రమే! వచ్చే ఏడాది సవరిస్తాం!"

"ఆకలి వచ్చే ఏడాది దాకా ఆగదయ్యా," అన్నాడు మృగరాజు.

డైరెక్టరు ఎన్ని కోళ్లకి సరిపోయాడో రికార్డుల్లో లేదు. రాయవలసింది ఆయనే కదా.

మర్నాడు అప్పన్న బూడిదమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తల్లీ, పిల్లల్ని ఎక్కడికీ పంపను. గుడ్లు పెట్టేది ఈ ఫారంలో మీరు ఎనిమిది మందే."

"గంప కింద మెత్తటి గడ్డి వెయ్యి ముందు," అంది బూడిదమ్మ.

ఆ సాయంత్రం కొత్త డైరెక్టరు కాకి కంచె మీద వాలి, తను పాత డైరెక్టరులాంటివాణ్ణి కాననీ, ప్రతి ఒక్కరి గొంతూ వింటాననీ, లోపల ఎంతమంది ఉన్నారో మీరే చెప్పండనీ ప్రేమగా అడిగాడు. చిన్న కూతురు ఉత్సాహంగా నోరు తెరవబోయింది. బూడిదమ్మ ఆ నోట్లో ఒక జొన్న గింజ పెట్టింది.

నీతి: గొంతెత్తినవాడు లెక్కలోకి వస్తాడు, లెక్కలోకి వచ్చినవాడు విస్తట్లోకి వస్తాడు.