ఆర్వల్ తుంటికి వచ్చిన జబ్బు

ఆ శనివారం ఆర్వల్ స్టిడమ్‌కు ఉన్న పనులు మూడే. పొద్దున్నే వెళ్ళి కోళ్ళకు దాణా తేవాలి. పన్నెండింటికి ఊరి ఫైర్ స్టేషన్‌లో కొత్త ఫైరింజన్ తాళంచెవి అందుకోవాలి. సాయంత్రం భోజనం వేళ దాకా తన నడుం దగ్గర పిస్తోలు ఉన్న సంగతి భార్య నడీన్‌కు తెలియకుండా చూసుకోవాలి. మూడింట్లోనూ బరువైనది దాణా బస్తాయే అనుకున్నాడు.

వాళ్ళ ఊరు బ్రష్ క్రీక్‌లో జీతం తీసుకునే ఫైర్‌మన్ ఒక్కడూ లేడు. పొగ కనబడితే చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాళ్ళు పాతికమంది ఉన్నారు, అంతే. వాళ్ళలో బండి నడిపేది ఆర్వల్. ఇరవై ఆరేళ్ళుగా పాత ఎర్రబండి సీటు అతని ఒంటి ఆకారానికే గుంటపడి ఉంది. చేపలు వేయించి అమ్మి, చందాల కోసం చిక్కుడుగింజల విందులు పెట్టి, ఏళ్ళ తరబడి ఊరంతా కష్టపడితే ఇప్పటికి కొత్త బండి వచ్చింది. దాన్ని మొదటిరోజు ఊళ్ళో తిప్పినవాడే ఇక దాని డ్రైవరు. రాతి క్వారీ ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆర్వల్‌ను మనిషిగా నిలబెడుతున్నది ఆ సీటే. అది కూడా పోతే మిగిలేవి కోళ్ళు. ఫైర్ దళం చీఫ్ గార్లండ్ ఒకే షరతు పెట్టాడు. "మెట్టు బాగా ఎత్తు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కినోడికే తాళం."

పిస్తోలు సంగతి వేరు. ఆర్వల్ రెండు మంగళవారాలు, పిస్తోలు పైకి కనబడకుండా పెట్టుకోవడం నేర్పే క్లాసుకు వెళ్ళాడు, ఇంట్లో మాత్రం బౌలింగ్ ఆటకు వెళుతున్నానన్నాడు. క్లాసులో శిక్షకుడు రెండు మాటలు గట్టిగా చెప్పాడు. మొదటిది, తూటాలు లేకుండా ఖాళీ పిస్తోలు పెట్టుకుని ఒకరోజంతా తిరగాలి, ఇంట్లోవాళ్ళే పసిగట్టకపోతే ఊళ్ళోవాళ్ళు ఎన్నటికీ పసిగట్టరు. రెండోది, పిస్తోలు ఉంటే ఒంటి మీద ఉండాలి, లేదంటే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, మూడో చోటంటూ లేదు. "ముఖ్యంగా మరుగుదొడ్డి. ప్యాంటు విప్పుతారు, పిస్తోలు తీసి పక్కన పెడతారు, చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు. తరవాత వచ్చినోడి గుండె ఆగుద్ది," అన్నాడాయన.

నడీన్‌కు చెప్పకపోవడానికి కారణం నడీనే. ఆమెకు తుమ్ము వస్తే న్యుమోనియా కనబడుతుంది. ఆర్వల్ చెట్లు కోసే రంపం కొన్నప్పుడు రెండు వారాలపాటు ఆసుపత్రి నంబరు దిండు కింద పెట్టుకుని పడుకుంది. పిస్తోలని చెబితే తొడలోంచి తూటా దూసుకుపోయినట్టు ఇప్పటినుంచే ఏడుస్తుంది. రోజంతా ఆమె పక్కనే తిరిగి, చీకటి పడ్డాక నింపాదిగా చెబితే, "అయితే పొద్దున్నుంచీ నాకే తెలియలేదా" అని తనే నెమ్మదిస్తుందని ఆర్వల్ ఆశ. ఇంట్లో మనిషి దగ్గర చిన్న సంగతి దాస్తే అది పెరట్లోంచి పెద్దదై బయటికి పోతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

తెల్లవారుజామున స్నానాల గది తలుపు వేసుకుని, తోలు ఒరను ప్యాంటు లోపలికి దోపి, బెల్టు బిగించాడు. పెట్టుకున్నది ముందువైపు, సరిగ్గా పొట్ట కింద. బెల్టేమో చర్చికి పెట్టుకునే మెత్తటిది. ప్యాంటు అంతకుముందే బిగుతు. చొక్కా వదిలి అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. పొట్ట తప్ప ఏమీ కనబడలేదు. ఆ పొట్ట ఇన్నాళ్ళకు ఒక పనికి వచ్చిందని సంతోషించాడు కూడా.

చిక్కు బూట్ల దగ్గర మొదలైంది. వంగితే పిస్తోలు పిడి పక్కటెముకలో దిగుతోంది, గొట్టం గజ్జలో దిగుతోంది. ఆర్వల్ వంగబోయి, "అబ్బా" అని, లేచి, కాలినే పైకి ఎత్తబోయి, మళ్ళీ "అబ్బా" అన్నాడు.

"ఏమైంది?" వంటగదిలోంచి నడీన్ అడిగింది.

"ఏం కాలేదు."

"ఏం కాకుండా అబ్బా అంటారా ఎవరైనా?"

"బూటు చిన్నదైంది."

"నాలుగేళ్ళ బూటు ఇవాళ చిన్నదైందా?"

అతను బూట్ల తాళ్ళు వేలాడేసుకునే వచ్చి, గ్రేవీ పోసిన మెత్తటి బిస్కట్ రొట్టెలు నిలబడే తిన్నాడు. కూర్చోమంటే కూర్చోనన్నాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆర్వల్ నిలబడి తినడం నడీన్ చూడలేదు. తాళ్ళు తనే కట్టింది. కట్టి తలెత్తితే అతని నుదుట చెమట. తర్వాత అతను గుమ్మం దాటి ట్రక్కు దాకా, పెంకు పగలకుండా గుడ్డు మోస్తున్నవాడిలా, కాళ్ళు ఎడం చేసుకుని నడిచాడు. నడీన్ ఇంకేమీ ఆలోచించలేదు. ఫోను తీసింది.

వాళ్ళ చర్చిలో ప్రార్థన గొలుసు అని ఒకటి ఉంది. కష్టం వచ్చినవాళ్ళు సిస్టర్ ఓపల్‌కు ఫోను చెయ్యాలి. ఎనభై ఒక్కేళ్ళ ఓపల్ రెండో ఇంటికి చెబుతుంది, రెండో ఇల్లు మూడో ఇంటికి, అలా పదకొండు ఇళ్ళు. పదకొండో ఇంటావిడ మొదట కష్టం చెప్పినవాళ్ళకే ఫోను చేసి, గొలుసు పూర్తయిందని చెప్పాలి. ఎక్కడా తెగలేదని రుజువు అది.

"సిస్టర్ గారూ, మా ఆయన వంగలేకపోతున్నాడు. కూర్చోలేకపోతున్నాడు. నా దగ్గర ఏదో దాస్తున్నాడు," అంది నడీన్.

"తుంటి అయి ఉంటుందమ్మా. నువ్వేం బెంగపడకు," అంది ఓపల్. తర్వాతి ఇంటికి ఆమె చెప్పింది తుంటి అనే. అక్కడినుంచి ముందుకు పోతూ అది ఆపరేషను అయింది. అయిదో ఇంటావిడకు ఆర్వల్ తండ్రి గుర్తొచ్చాడు. ఆయన పోయింది ట్రాక్టరు బోల్తాపడి, కానీ పోయేముందు ఆయనా కుంటేవాడు. ఏడో ఇంట్లో అది ఎముకల్లోకి దిగింది. తొమ్మిదో ఇంట్లో డాక్టరు మూడు నెలలన్నాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరు తమకు తోచిన భయం ఒక చిటికెడు వేశారు, అంతే.

తొమ్మిది గంటలకు పదకొండో ఇంటినుంచి నడీన్‌కు ఫోను వచ్చింది. "గొలుసు పూర్తయిందమ్మా. మూడు నెలలైతేనేం, దేవుడు తలుచుకుంటే మూడేళ్ళు చెయ్యగలడు. నువ్వు దిటవుగా ఉండాలి."

నడీన్ కుర్చీలో కూలబడింది. తను విసిరిన గులకరాయే కొండరాయి అయి తిరిగి వచ్చిందని ఆమెకు తట్టలేదు. ఊరందరికీ తెలిసింది, తనకొక్కదానికే చెప్పలేదు అనుకుంది. ఆ రెండు మంగళవారాల బౌలింగ్ ఏమిటో ఇప్పుడు అర్థమైంది. ఆసుపత్రికి వెళ్ళి ఉంటాడు, పిచ్చిమనిషి.

అదే సమయానికి దాణా కొట్టులో ఆర్వల్ తన విజయాన్ని చూసుకుని మురుస్తున్నాడు. అరగంట తిరిగాడు, ఎవరూ ఏమీ అనలేదు. కాకపోతే అందరూ ఒకసారి అతని నడుం వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుంటున్నారు. బస్తా ఎత్తబోతే ఇద్దరు వచ్చి లాక్కున్నారు. కొట్టు యజమాని డబ్బు తీసుకోనన్నాడు. భుజం మీద చెయ్యి వేసి, "దాచుకోవడం దేనికి ఆర్వల్? మేమంతా లేమా?" అన్నాడు.

ఆర్వల్ చొక్కా కిందికి లాక్కున్నాడు. "కనబడుతోందా?"

"నీ నడకే చెబుతోంది కదయ్యా."

"నడీన్‌కు తెలుసా?"

"ఊరందరికీ చెప్పింది ఆవిడే. ఇల్లు చేరి పడుకో, బాబూ."

ఆర్వల్ ఇల్లు చేరేసరికి వాకిట్లో ఏడు కార్లున్నాయి. వంటగది బల్లమీద, పొయ్యిమీద, కిటికీ గట్టుమీద మూతపెట్టిన గిన్నెలు. కోడిమాంసం, నూడుల్స్ కలిపి కాల్చినవి నాలుగు, చిక్కుడుకాయల వంటకం అయిదు, అరటిపండు పుడ్డింగు రెండు. గుమ్మం ముందు చర్చి మగవాళ్ళు చక్రాల కుర్చీ ఎక్కేందుకు పలకలతో వాలు కడుతున్నారు. మేకులు కొడుతున్నది లోవెల్. తాళం ఆర్వల్‌కు రాకపోతే తర్వాతి పేరు అతనిదే. మంచివాడు, భారీ మనిషి, సుత్తి వదిలేసి వచ్చి ఆర్వల్‌ను కౌగిలించుకోబోయాడు. ఆర్వల్ రెండడుగులు వెనక్కి గెంతాడు.

"ముట్టుకుంటే కూడా నొప్పేనా అన్నా?" లోవెల్ కళ్ళు తుడుచుకున్నాడు. "చీఫ్ చెప్పమన్నాడు. ఇవాళ బండి నేను తిప్పుతాను. నువ్వు కుర్చీలో కూర్చుని చూస్తే చాలట."

అప్పుడు కానీ ఆర్వల్‌కు ఊరు అనుకుంటున్నది ఏమిటో తెలియలేదు. నవ్వొచ్చింది, నోరు తెరవబోయాడు, ఆగిపోయాడు. వాకిట్లో పదిహేనుమంది. వంటగదిలో ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన నడీన్‌కు అందరి ముందూ పిస్తోలని చెబితే ఏమవుతుందో. తీసి పెట్టెలో పెట్టి తాళం వేద్దామంటే ఇంటినిండా జనమే. వెళ్ళి మెట్టు ఎక్కి చూపిస్తే సరిపోతుంది, మాటలెందుకు అనుకున్నాడు.

పన్నెండింటికి ఫైర్ స్టేషన్‌లో ఊరంతా ఉంది. కొత్త బండి అద్దంలా మెరుస్తోంది. దాని పక్కన ఆర్వల్ కోసం దిండు వేసిన కుర్చీ. వద్దంటున్నా కూర్చోబెట్టారు. కూర్చోగానే గొట్టం దిగాల్సిన చోట దిగింది, అతని మొహం వంకర పోయింది, ఆడవాళ్ళ వరసలో ఎవరో వెక్కారు.

"చీఫ్, నేను ఎక్కుతాను," అన్నాడు ఆర్వల్ లేస్తూ.

"వద్దు ఆర్వల్."

"ఎక్కినోడికే తాళమన్నావా, లేదా?"

గార్లండ్ పక్కకు తప్పుకున్నాడు. ఆర్వల్ మెట్టు మీదికి కాలెత్తాడు. మోకాలు నడుం దాకా కూడా రాలేదు. పిడి వెళ్ళి పక్కటెముకకు తగిలింది. రెండో కాలు ఎత్తాడు, అదీ అంతే. మరుగుదొడ్లోకి వెళ్ళి తీసేసి వస్తే ఒక్క గెంతులో ఎక్కేవాడు. కానీ తీసి ఎక్కడ పెట్టాలి? తాళం పెట్టె ఇంట్లో ఉంది. ట్రక్కు కిటికీ సగం దాకానే మూసుకుంటుంది. మూడో చోటు లేదు. కాలు గాల్లో ఉండగానే నలుగురు వచ్చి అతన్ని పెళ్ళికొడుకులా ఎత్తి కుర్చీలో పెట్టారు.

గార్లండ్ గొంతు సవరించుకుని, తాళం లోవెల్ చేతి వైపు చాచాడు. ఇరవై ఆరేళ్ళ సీటు అడుగు దూరంలో వేరేవాళ్ళ అరచేతిలోకి పోతోంది.

"ఆగు చీఫ్," అన్నాడు ఆర్వల్. లేచి నిలబడి చొక్కా అంచు పైకి ఎత్తాడు. "నాకు రోగం లేదు. ఇదీ సంగతి. ఖాళీదే, తూటాలు లేవు."

అందరూ నడీన్ వైపు చూశారు. నడీన్ నెమ్మదిగా వచ్చింది. భర్త నడుం వైపు ఒకసారి, మొహం వైపు ఒకసారి చూసింది. అతని మోచెయ్యి పట్టుకుని చీఫ్ గదిలోకి నడిపించి తలుపు వేసింది.

"నడీన్, నువ్వు భయపడతావనే..."

"ముందువైపెవడు పెట్టుకోమన్నాడు నిన్ను? ఈ పొట్టతో?"

ఆర్వల్‌కు వెంటనే అర్థం కాలేదు. ఆమె ఒరతో సహా పిస్తోలు బయటికి లాగి, గొట్టం ఇసుక బకెట్టు వైపు ఉంచి, ఖాళీదో కాదో వేలు పెట్టి చూసింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీసినంత తేలిగ్గా చేసింది.

"సన్నంగా ఉన్నోళ్ళు ముందు పెట్టుకుంటారు. నీలాంటోళ్ళు తుంటి ఎముక దాటాక, వెనక పల్లంలో పెట్టుకోవాలి. పిడి కాస్త ముందుకు వాలాలి, అప్పుడు చొక్కాలోంచి ఉబ్బదు. ఈ బెల్టేంటి, పేగులా సాగుతోంది? అట్టలా బిరుసుగా ఉండాలి. లేకపోతే ఇది రోజంతా ఊగుతుంటుంది, నువ్వు రోజంతా తడుముకుంటుంటావు."

"నీకివన్నీ ఎవరు చెప్పారు?"

నడీన్ వెనక్కి తిరిగి, పైన వేసుకున్న ఉన్ని కార్డిగన్ కొంచెం పక్కకు తీసింది. వెనక పల్లంలో, పిడి ముందుకు వాలి, బుద్ధిగా ఒకటి కూర్చుని ఉంది.

"హైవే మీద పెట్రోలు బంకు దోచుకున్నారు చూడు, అప్పట్నుంచి. ఆరేళ్ళు."

"ఆరేళ్ళా? నాకెందుకు చెప్పలేదు?"

"భయపడతావని. మొదటి వారం నువ్వు పట్టేస్తావని బిక్కుబిక్కుమంటూ తిరిగాను. నేను జుట్టు సగానికి కత్తిరించుకున్నా నువ్వు చూడవని తరవాత గుర్తొచ్చింది."

ఆర్వల్ చీఫ్ బల్ల మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచి అతను నొప్పి లేకుండా కూర్చున్నది అదే మొదటిసారి. "మరి నువ్వే పెట్టుకుంటున్నప్పుడు, నా నడక చూసి నీకు తట్టలేదా?"

"క్యాన్సరని తట్టింది. పిస్తోలు పెట్టుకున్నోడు ఎవడన్నా అలా నడుస్తాడా?" అంటూనే ఆమె కళ్ళు మళ్ళీ నిండాయి. ఈసారి అవి సంతోషం కన్నీళ్ళే, కానీ కార్డిగన్ అంచుతో గట్టిగా తుడిచేసుకుంది. "మూడు నెలలన్నారు నీకు. నేను నల్లగౌను కూడా బయటికి తీశాను."

కాసేపు ఇద్దరూ నవ్వారు. తర్వాత నడీన్ పనిలో పడింది. బెల్టు కోసం చీఫ్ యూనిఫాం వెతికి బిరుసైనది తెచ్చింది. ఒర వెనక్కి జరిపింది. ప్యాంటు మాత్రం ఒప్పుకోలేదు. లోపల ఒర ఉంటే నడుం రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి, ఇదేమో ఊపిరే ఆడనివ్వడంలేదు. తలుపు జానెడు తెరిచి బయటికి తల పెట్టింది.

"లోవెల్, నీ నడుం ఎంత?"

"నలభై అక్కా."

"మా ఆయనది ముప్పై ఎనిమిది. ఆ గోడకున్న ఫైర్ డ్రస్సు తొడుక్కుని, నీ ప్యాంటిలా ఇవ్వు నాన్నా."

అయిదు నిమిషాల తర్వాత ఆర్వల్ బయటికొచ్చాడు. మామూలుగా నడిచాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, కొత్త బండి మెట్టు ఎక్కి సీట్లో కూర్చున్నాడు. దిగి, మళ్ళీ ఎక్కాడు, ఒకవేళ ఎవరైనా చూడకపోతే అని. గార్లండ్ తాళం కిటికీలోంచి అందించాడు.

సిస్టర్ ఓపల్ చేతికర్ర నేలకు తాటించింది. "పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం, పన్నెండున్నరకు నయమైంది. మన గొలుసు ఇంత తొందరగా ఎప్పుడూ పనిచెయ్యలేదు," అంది తృప్తిగా. కాదనడానికి ఎవరికీ మనసొప్పలేదు.

నడీన్ పక్క సీటెక్కి, సీటు బెల్టు రెండుసార్లు లాగి చూసుకుని, మలుపుల దగ్గర నెమ్మదని మూడుసార్లు చెప్పింది. సైరన్ మోగింది. ఎర్రబండి సందు తిరిగి కనుమరుగైంది. తాళం పుచ్చుకోవడానికి వచ్చిన లోవెల్ తన ప్యాంటు కూడా లేకుండా ఇంటికి వెళ్ళాడు.