ముందస్తు స్వేచ్ఛ

రాజ్యాంగ దినోత్సవం ప్రశాంతంగా జరగడానికి మా మండల కేంద్రంలో నలుగురికి మించి గుమిగూడరాదని అధికారులు ముందురోజే ఉత్తర్వు జారీ చేశారు. ఆ ఉత్సవానికి జనం తప్పనిసరిగా వందల్లో రావాలని సాయంత్రం ఇంకో ఉత్తర్వు వచ్చింది. మాచర్ల దారిలో పుట్టి పెరిగినవాళ్లం. రెండిటినీ ఒకేసారి పాటించడం మాకు కొత్త కాదు. నలుగురు నలుగురుగా వెళ్లి వందలమయ్యాం.

హక్కుల గురించి మాట్లాడే అలవాటున్నవాళ్లను పోలీసులు ముందు జాగ్రత్తగా పొద్దున్నే స్టేషనుకు ఆహ్వానించారు. వెదగ్గా వెదగ్గా అలాంటివాడు ఊళ్లో ఒక్కడే దొరికాడు. పేరు చిన్నప్ప. మైకుసెట్లు అద్దెకిస్తాడు. మొన్న వేసవిలో కాలనీకి నీళ్లు రావడం లేదని ఖాళీ బిందె ముందు పెట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. ఇప్పుడు అతను నేరమేమీ చేయలేదని పోలీసులే ఒప్పుకున్నారు. చేసినవాణ్ని ఎవరైనా పట్టుకుంటారు. చేయనివాణ్ని పట్టుకోవడానికే దూరదృష్టి కావాలి.

సభ మొదలయ్యే వేళకు చిన్న చిక్కొచ్చింది. వేదిక మీద మైకు లేదు. ఊళ్లో మైకుసెట్టు ఉన్నది చిన్నప్ప ఒక్కడికే. దాంతో అతన్ని జీపులో తెచ్చి, యాంప్లిఫయరు ముందు కూర్చోబెట్టి, అటూ ఇటూ కానిస్టేబుళ్లను నిలబెట్టారు. చిన్నప్ప వైర్లు సరిచేసి "హలో, హలో" అన్నాడు.

"అంతకంటే ఎక్కువ మాట్టాడబాక" అన్నాడో కానిస్టేబుల్.

తహసీల్దారు గారు ప్రసంగించారు. "స్వేచ్ఛ మనిషికి పుట్టుకతోనే వస్తుంది. దాన్ని ఎవరూ ఇవ్వరు, ఎవరూ లాక్కోలేరు. ప్రభుత్వం దాన్ని భద్రపరుస్తుంది, అంతే!"

మేం చప్పట్లు కొట్టాం. ఎక్కడ భద్రపరిచారో కళ్లెదుటే కనిపిస్తోంది కాబట్టి ఎవరూ అడగలేదు.

తర్వాత పీఠిక. "భారత ప్రజలమైన మేము" అని ఆయన అందుకోగానే చిన్నప్ప భార్య కృపామణి మెట్లెక్కి వచ్చి మైకు ముందు నిలబడింది. పొద్దుటినుంచీ స్టేషను గేటు దగ్గర పడిగాపులు పడ్డ మనిషి.

"అయ్యా, మా ఆయన ఏం జేశాడని పట్టుకొచ్చారు? ఆ ఒక్క మాట చెప్పండి. గుక్కెడు కాపీ గూడా తాగలా ఆ మనిషి."

"ఇది పవిత్రమైన కార్యక్రమమమ్మా. దిగు."

"దిగుతా. చెప్పినాక దిగుతా."

మైకు ఆపమని ఎస్సై సైగ చేశాడు. ఏ మీట నొక్కాలో కానిస్టేబుళ్లకు తెలియదు. తెలిసిన చిన్నప్ప చేతులు కట్టుకుని, భార్యనే చూస్తూ కూర్చున్నాడు. కృపామణి ప్రశ్న బస్టాండు దాకా వినిపించింది. మేం ఈలలు వేశాం. వెంకటప్పయ్య బాబాయి "శభాషే అమ్మాయ్!" అంటూ కండువా ఊపాడు.

తహసీల్దారు గారు చిరునవ్వు నవ్వారు. "ప్రజల మాటే నాకు శాసనం. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి జామీను సంతకాలు పెట్టండి. ఇక్కడికిక్కడే వదిలేస్తాను."

ఈలలు ఆగిపోయాయి. వెంకటప్పయ్య బాబాయికి మిరపచేలో మోటారు ఆపలేదని గుర్తొచ్చింది. కొందరికి ఫోన్లు వచ్చాయి, మోగకుండానే. కూరగాయలమ్మే వీరరాఘవమ్మ మాత్రం జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, "నా యేలిముద్ర పనికొచ్చిద్దా నాయనా?" అని అడిగింది. పనికొచ్చింది. రెండోది దొరకలేదు.

జాతీయగీతం అయ్యాక పులిహోర పొట్లాలు పంచారు. చిన్నప్ప వైర్లు చుట్టిపెట్టి తనంతట తానే జీపెక్కాడు. కృపామణి తన పొట్లం అతని చేతిలో పెట్టింది. "తిను. రేపటికల్లా ఎవరో ఒకళ్లని తెస్తా" అంది.

మర్నాడు ఆమె రెండో సంతకం కోసం ఇంటింటికీ తిరిగింది. మా తలుపూ తట్టింది. "అన్నా, ఉన్నావా?" అని పిలిచింది. మాట్లాడే హక్కులోనే మాట్లాడకుండా ఉండే హక్కు కూడా ఉందని చదువుకున్నవాణ్ని. దాన్ని సంపూర్ణంగా వినియోగించుకుంటూ, ఆమె మెట్లు దిగేదాకా టీవీ కట్టేసి ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

కాసేపటికి పక్కింటి తలుపు తట్టిన చప్పుడు వినిపించింది. అక్కడా ఆ హక్కు చక్కగా అమలవుతోంది.