ఏడిళ్ల దత్తత

కర్నూలులోని మా వీధి మూగజీవాల మిత్ర సంఘం ఆన్‌లైన్‌లో పిల్లికూనల అమ్మకాన్ని సంపూర్ణంగా నిర్మూలించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇకమీదట కూనలను అమ్మరు. దత్తతకు ఇస్తారు. దత్తత తీసుకునేవారు సొమ్ము ముందుగా ఫోన్‌లో పంపాలి.

ఈ సంస్కరణకు ఆద్యులు సంఘాధ్యక్షులు ఉమామహేశ్ గారు. ఆయన మనసు ఎంత మెత్తనిదంటే, పక్కింటి రహమత్ బీ కట్టెల కొట్టంలో పిల్లి ఈనిందని తెలిసీ తెలియగానే, ఆమె బజారుకు వెళ్లిన వేళ చూసి పరామర్శకు వెళ్లారు. రెండు కూనలు. ఒకటి నల్లది. నల్లపిల్లి ఎదురొస్తే పని చెడుతుందని జంతుప్రేమికులకూ తెలుసు కనుక, దాన్ని ఎవరూ కోరరని జాలిపడి తల్లి దగ్గరే వదిలేశారు. రెండోది తెల్లది, ఎడమ చెవి మీద చుక్క. కళ్లు తెరిచి వారమైనా కాలేదు. దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టి ఫోటో తీసి, "రెండు నెలల పర్షియన్, అన్నీ తింటుంది" అని సంఘం ఆన్‌లైన్ పేజీలో ప్రకటించారు.

అన్నీ తినే ఆ కూన తొలి దత్తత ఇంట, నంద్యాలలో, ఏమీ తినలేదు. ప్యాకెట్ పాలు పడితే కక్కింది. దత్తత తల్లి గాబరాపడి, రెండో రోజే దాని ఫోటో మళ్లీ అదే పేజీలో పెట్టింది. అక్కడినుంచి ఎర్రగుంట్ల చేరింది. లారీ క్యాబిన్‌లో సిమెంటు దుమ్ము పట్టి బూడిదరంగుకు తిరగడంతో ప్రకటనలో దాని జాతి రష్యన్ అయింది. కడపలో స్నానం చేయించాక మళ్లీ పర్షియన్ అయింది. ఆ తర్వాత ఇంకో మూడిళ్లు. ఇల్లు మారినప్పుడల్లా ప్రకటనలో వయసు ఒక నెల పెరిగింది, కూన బరువు మాత్రం తగ్గింది. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందరూ ముద్దు పెట్టుకునే పంపించారు.

ఇక్కడ తల్లిపిల్లి ఉమామహేశ్ గారి మిద్దె చుట్టూ తిరుగుతూ అరిచేది. నిద్ర పట్టడం లేదని అధ్యక్షులు మునిసిపాలిటీకి అర్జీ పెట్టారు. రహమత్ బీ వచ్చి కూన ఎక్కడని అడిగితే, దత్తత వివరాలు గోప్యమన్నారు. ఆమె ఊరుకోలేదు. పాలు లేక ఆ పసిది ఎన్నాళ్లు బతుకుతుందని అందరి గడపలూ తొక్కింది. నా గడప కూడా తొక్కింది. సభలో మాట్లాడదామని చెప్పి పంపాను.

పన్నెండో రోజున సభ జరిగింది. విషయం: పసికూనల అమ్మకాలు, మన బాధ్యత. ఏడో ఇంటివారైన సంఘ కార్యదర్శి నాగలత గారు విజయవంతమైన దత్తతకు నమూనాగా తమ కూనను పట్టుదిండు మీద పెట్టి వేదిక మీదికి తెచ్చారు. అది తల ఎత్తలేకపోతోంది. ఎంత నెమ్మదస్తురాలో అని అందరూ మెచ్చుకున్నారు. ఎడమ చెవి మీది చుక్క, వీధంతా పంచిన ఆహ్వానపత్రికలోని ఫోటోలో కూడా బాగా పడింది.

అధ్యక్షులు ప్రసంగించారు. "పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ తల్లి నోటితో పడే శ్రమను మన సంఘం బస్సుల మీద, లారీల మీద నెరవేరుస్తోంది. ఇది సంప్రదాయ పరిరక్షణ."

చప్పట్లు ఆగాక చివరి వరుసలో రహమత్ బీ లేచింది. చంకలో మూత కట్టిన గంప ఉంది.

"తిప్పుతాది, నిజమేనప్పా. ఏడిండ్లకూ అదీ ఎంబడే పోతాది. పాలిస్తాది. నువ్వు తిప్పినావు కదా, యా ఇంట్లో ఇచ్చినావు పాలు?"

ఈ ప్రశ్న అజెండాలో లేదంటూ అధ్యక్షులు సన్మానపు శాలువ సర్దుకున్నారు. ఆమె గంప మూత విప్పింది. తల్లిపిల్లి వేదికెక్కి, కూనను వాసన చూసి, ఒక్కసారి నాకి, మెడ కరుచుకుని, అధ్యక్షుల శాలువ తొక్కుకుంటూ కిటికీలోంచి దూకిపోయింది. నాకు ఈల వేయాలనిపించింది. సభ్యుణ్ని కాబట్టి వేయలేదు. దత్తత పత్రం నింపకుండా కూనను తీసుకుపోయినందుకు పిల్లిని ఖండిస్తూ చేసిన తీర్మానానికి మాత్రం చెయ్యెత్తాను.

సాయంత్రానికి కొట్టంలో నల్లకూన కూడా లేదు. యాడికి పోయింటుందని నేను అడిగితే రహమత్ బీ తలుపు వేసుకుంటూ అంది: "ఎనిమిదో ఇల్లు చూసుకోనుంటాది లే. ఈడ మనుషులకు ప్రేమ శానా ఎక్కువ."

సంఘం ఇంకా గాలిస్తోంది. మీ మిద్దె మీద, పాత డ్రమ్ము చాటున, తెల్లదీ నల్లదీ ఒకదాని మీద ఒకటి పడి పాలు తాగుతున్నాయేమో చూడండి. ఈపాటికి ఫోటో కోసం ఫోన్ తీసే ఉంటారు. సభ్యత్వానికి వేరే దరఖాస్తు అక్కర్లేదు. మా సంఘంలో అందరం అలాగే చేరాం.