మంత్రిగారి సొంతూరి పాట

తిరుపతి సభలో మన మంత్రి గంగాధరం గారు చరిత్రాత్మక ప్రకటన చేశారు. తెలుగు, చరిత్ర లాంటి హ్యుమానిటీస్ చదివే పిల్లలకు ఇక మీదట స్టైపెండుతో ఇంటర్న్‌షిప్! పల్లెలకు వెళ్ళి పాటలూ కథలూ సేకరిస్తూ, స్వయంగా చేసి నేర్చుకోవాలి. అదే 'హ్యాండ్స్ ఆన్ లెర్నింగ్' అట. "దేశంలోనే మొదటిసారి" అన్నారు. ఆయన ఏం చేసినా దేశంలోనే మొదటిసారి. తెలుగు లెక్చరర్‌నైన నన్ను ఈ పథకానికి కోఆర్డినేటర్‌ని చేశారు.

అందరికంటే ఎక్కువ సంబరపడింది నా విద్యార్థిని హేమశ్రీ. ఎం.ఏ. తెలుగు చదివి ఏం చేస్తావని వాళ్ళ నాయన బాలచంద్ర అప్పటికే నాయుడుపేట ఫ్యాక్టరీలో ప్యాకింగ్ ఉద్యోగం చూసిపెట్టాడు. ఈ ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా ఆగుతానన్నాడు.

తర్వాతి వారం మంత్రిగారి పీఏ యదునందన్ పిల్లల్ని పిలిపించాడు.

"రేపు సారు మీటింగుండాది. అందరూ ముందు వరసలో కూసోండి."

"మేం పాటలు సేకరించాల గదా సార్?" అంది హేమశ్రీ.

"హ్యుమానిటీస్ అంటే ఏందమ్మా? మనుషులు. మీటింగుకు కావాల్సింది వాళ్ళే."

"మరి హ్యాండ్స్ ఆన్ లెర్నింగ్?"

"సప్పట్లు."

ఇంత సూటిగా బోధించడం నాకు ఇన్నేళ్ళ సర్వీసులో చేతకాలేదు.

పిల్లలు శ్రద్ధగా నేర్చుకున్నారు. చరిత్ర వాళ్ళు జెండాలు కట్టారు. తెలుగు వాళ్ళు ఫ్లెక్సీలో 'ధననేత'ను 'జననేత'గా దిద్ది సాహిత్యసేవ చేశారు. స్టైపెండు మాత్రం ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఒకరోజు హేమశ్రీ మీటింగు ఎగ్గొట్టి, పలమనేరు దాటి మంత్రిగారి సొంతూరికే వెళ్ళింది. వేరుశనగ చేలో కలుపు తీసే ఆడవాళ్ళు పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. యదునందన్ మండిపడ్డాడు. కానీ ఆ పాటలో 'గంగన్నా' అని వినబడగానే మెత్తబడ్డాడు.

"సారు పేరుండాదే! ముగింపు సభకు ఆయమ్మల్ని పిలిపిద్దాం."

"మాటలు విన్నారా?" అన్నాను.

"పేరుండాది గదా సార్. ఇంక మాటలెందుకు?"

ముగింపు సభలో చంద్రకాంతమ్మ అనే పెద్దావిడ మైకు ముందు నిలబడి ఎత్తుకుంది. మిగతా వాళ్ళు అందుకున్నారు.

"తారురోడ్డేస్తానంటివే గంగన్నా
తట్టెడు మన్నయినా పడదాయె గంగన్నా
బురదలో ఎనుము దిగబడె గంగన్నా
ఓట్లకు మాత్రం ఎట్టొస్తివి గంగన్నా!"

జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఎవరూ చెప్పకుండానే కొట్టారు. ఫోన్‌లో మాట్లాడుతున్న మంత్రిగారు తన పేరు విని, లేచి నాలుగు వైపులా దండం పెట్టారు.

కూతుర్ని తీసుకుపోదామని వచ్చిన బాలచంద్ర కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "ఇట్లాంటివి ఇంకా ఉండాయా పాపా?"

"ఊరికొకటుండాది నాయనా."

"అయితే ముందు అవి సూడు. నాయుడుపేట యాడికీ పోదులే."

పాటయ్యాక ఒక విలేకరి లేచాడు. "సార్, మీ సొంతూరికి రోడ్డు లేదంట?"

యదునందన్ ముఖం పాలిపోయింది. మంత్రిగారు మాత్రం తడుముకోలేదు.

"లేని రోడ్డు మింద జనం ఇంత సక్కని పాట కడతారా అబ్బా?"

ముందు వరస చప్పట్లతో మారుమోగింది. చంద్రకాంతమ్మ పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆ పెద్దావిడ గొంతు సవరించుకుని మళ్ళీ మైకు దగ్గరికి నడిచింది.

హేమశ్రీ ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కింది.