మేడ మీది సైగల కేసు

"మనిషి నోరు తెరవకముందే వాని గుట్టు చదివేటోడు ఈ సూరత్‌ల ఒక్కడే ఉన్నడు బుచ్చన్నా. ఆ ఒక్కడు ఇప్పుడు నీ ముంగట కూసొని చాయ్ తాగుతున్నడు."

పరుశురాం ఈ ప్రకటన చేసి, గ్లాసు కింద పెట్టి, కనుబొమ ఒకటి పైకెత్తాడు. రెండోది దానంతటదే లేచింది. ఒక్కటే లేపడం ఇంకా అలవాటు కాలేదు.

బుచ్చిరాములు తన ముందు ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. లేరు. నిట్టూర్చి బిస్కట్ చాయ్‌లో ముంచాడు.

ఇద్దరూ మార్కెట్‌లో చీరలు మడతపెట్టే పనివాళ్లు. ఇద్దరి కాపురమూ నవాగామ్‌లో ఒకే బిల్డింగ్‌లో. వానాకాలమంతా పని తగ్గి, పరుశురాం ఫోన్‌లో వీడియోలు చూస్తూ గడిపాడు. కూర్చునే తీరును బట్టి, నిలబడే తీరును బట్టి, గోక్కునే తీరును బట్టి మనిషి మనసు చెప్పే వీడియోలవి. వానలు వెలిసేసరికి డిటెక్టివ్ అయిపోయాడు.

"మాట అంటే పైపొట్టు బుచ్చన్నా. లోపలి గింజంతా సైగలనే ఉంటది. చూపు, నవ్వు, చేతులు, ఆఖరికి ఊకుండుడు గూడ ఒక మాటనే. అగో, ఆ చాయ్ పరమేశ్‌ను చూడు. చేతులు కట్టుకొని నిలబడ్డడు. ఏందో దాస్తున్నడు."

"అంగీకి గుండీలు ఊడిపోయినయి. గదే దాస్తున్నడు."

"దాస్తున్నడా లేదా? నేను చెప్పిన్నా లేదా?"

బుచ్చిరాములు ఇంకో బిస్కట్ అందుకున్నాడు. కిందటి వారం పరుశురాం మెడ గోక్కుంటున్న ఒక పెద్దమనిషిని పట్టుకుని, నువ్వు అబద్ధాలకోరువని నడిబజార్లో చెప్పాడు. ఆయనకు చెమటకాయలు. ఆ రోజు ఇద్దరికీ తిట్లు పడ్డాయి. పరుశురాంకి గుజరాతీ సరిగా అర్థం కాదు కనక, బుచ్చిరాములే రెండు వాటాలూ మోశాడు.

సరిగ్గా అప్పుడే లలితమ్మ వచ్చింది. అదే బిల్డింగ్‌లో మూడో అంతస్తు. ఆమె భర్త ఆగయ్య లూముల మీద నేతపని చేస్తాడు. ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

"పరుశురామన్నా, నువ్వు మనసుల మాట పట్టుకుంటవంట గద. నాకొక సాయం చెయ్యి."

పరుశురాం వెన్ను నిటారు చేశాడు. "చెప్పకు చెల్లె. నేనే చెప్త. నీకు తలనొస్తుంది."

"లేదన్నా. మా ఆయన నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. ఏమడిగినా జవాబుండది. నవ్వుతడు, తల ఊపుతడు, గంతే. ఎప్పుడన్న నోరు తెరిస్తే గోడలదిరేటట్టు ఒర్రుతడు."

"లూములల్ల చేసేటోళ్లు అందరు గట్లనే ఒర్రుతరు గదమ్మా. ఆ మోతల అలవాటైపోతది" అన్నాడు బుచ్చిరాములు.

"గది నాకెరికనే అన్నా. గంతటితోని అయితే ఓర్చుకుందు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్న అన్నం వండుకుంట అన్న, నేను మా అమ్మగారింటికి పోత, మల్ల రాను అని. పొమ్మంటవా అని ఎన్కకు మల్లి చూసిన. నవ్విండు. నవ్వి తల ఊపిండు."

చాయ్ పోసే పరమేశ్ కట్టుకున్న చేతులు దించేశాడు.

"రేపు రైలుకు పోతున్న. బిడ్డ సంతోషిని బడి మాన్పిచ్చి తీస్కపోత. పోయేముందు ఒక్కటి తెల్వాలె. ఆయన రోజు మేడ మీదికి పోయి ఎదురు బిల్డింగ్ దిక్కు చేతులు తిప్పుతడంట. నాతోని మాటల్లేవు, అక్కడ ఎవలతోని గన్ని ముచ్చట్లు?"

ఆమె వెళ్లిపోయాక పరుశురాం చాలాసేపు శూన్యంలోకి చూశాడు. వీడియోల్లో అందరూ అలాగే చూస్తారు.

"ఇది మామూలు మౌనం కాదు బుచ్చన్నా. పథకం ప్రకారం పాటిస్తున్న మౌనం. ఈ నవాగామ్ మీద ఒక చీకటి నీడ పడ్డది."

"సెల్ టవర్ నీడ అది. నడువు, ఇంటికి పోదాం."

ఇంటికి పోలేదు. సాయంత్రం ఇద్దరూ మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక నక్కి ఉన్నారు. ఆగయ్య పిట్టగోడ దగ్గర, వీళ్లకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎదురు బిల్డింగ్ మీద ఆరేసిన చీరలు గాలికి ఊగుతున్నాయి. ఆ చీరల సందులోంచి రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి.

"గాజులున్నయా చూడు" అని గుసగుసలాడాడు పరుశురాం.

"లేవు. కడియం ఉన్నది."

"మొగోని కడియం వేసుకున్న ఆడిది. ఎంత తెలివి."

ఆగయ్య ముక్కు పక్కన వేలు పెట్టి, పుడక ఉన్నట్టు చూపించాడు. తరవాత రెండు చేతులతో లేని దారాన్ని సాగదీసి పుటుక్కున తెంపాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

పరుశురాం బుచ్చిరాములు మోచెయ్యి పట్టుకున్నాడు. "దొరికింది. ముక్కుపుడక, అంటే ఆడిది. దారం తెంపుడు, అంటే పుస్తెలతాడు. గుండె మీద చెయ్యి, అంటే నిన్నే చేసుకుంట అని."

"ఓరి నాయినా. లూము కాడ దారం తెగితే గట్ల చూపిస్తరు. ఆ చప్పుట్ల ఎవల మాట ఎవలకు వినపడది, అన్ని చేతులతోనే."

"ఇక్కడ లూమున్నదా?"

"లేదు."

"మరి దారం ఎక్కడిది?"

ఆ మాటతోనే పరుశురాం మెట్లు దిగిపోయాడు. చొక్కా పట్టుకుని ఆపుదామని బుచ్చిరాములు పరిగెత్తాడు కాని, అతను మూడో అంతస్తు చేరేసరికి చెప్పడం అయిపోయింది. లలితమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. లోపలికి పోయి మంచం కింది సంచి బయటికి లాగింది.

"ఒక సంసారం కూలగొట్టినవు గదరా" అన్నాడు బుచ్చిరాములు కిందికి వచ్చాక. అతనికి నిజంగా కోపం వచ్చింది.

"నిజం బయటపెట్టిన."

"నువ్వు చూసింది చేతులు. చెప్పింది నీ సొంత కథ."

పరుశురాం ఆ రాత్రి కాస్త తగ్గినట్టే కనిపించాడు. కాని తెల్లారేసరికి మళ్లీ పెరిగాడు. సాక్ష్యం లేకపోతే కేసు నిలవదని, అవతలి మనిషి ముఖం ఫోటో తీస్తానని, లలితమ్మ కళ్లారా చూడాలని చెప్పాడు. ఆమె కూడా సరేనంది. ఎలాగూ పోతున్నాను, అడిగి పోతాను అంది.

ఆ సాయంత్రం ఆగయ్య మేడ ఎక్కాడు. కాసేపాగి లలితమ్మ సంచి భుజాన వేసుకుని ఎక్కింది, వెనకే బుచ్చిరాములు. పరుశురాం అప్పటికే పైన ఉన్నాడు, మారువేషంలో. అంటే దండెం మీద ఆరేసిన నీలం చీర ఒంటికి చుట్టుకుని, తనూ ఒక చీరలాగా వేలాడుతున్నాడు.

"ఏందిరా గిది?" అన్నాడు బుచ్చిరాములు.

"మాట్లాడకు. నేను బట్టను."

బట్ట మెల్లగా దండెం వెంబడి పిట్టగోడ వైపు జరగడం మొదలుపెట్టింది. మెట్ల మొగదల తెలుగు సంఘం వాళ్ల వంటపాత్రలు బోర్లించి ఉన్నాయి. బతుకమ్మ భోజనాలకు వాడి, తోమి, ఒకదాని మీద ఒకటి పేర్చినవి. పళ్లేలు, బకెట్లు, గరిటెలు, అన్నిటికన్నా పైన మనిషి కూర్చుంటే కనిపించనంత గంగాళం. దండెం సరిగ్గా వాటి పైనుంచే పోతుంది. పరుశురాం ఫోన్ తీద్దామని ఒక చెయ్యి వదిలి, రెండో చేత్తో బరువంతా తాడు మీద వేశాడు. తాడు చీరల కోసం కట్టింది, డిటెక్టివ్‌ల కోసం కాదు.

తెగింది.

పరుశురాం పళ్లేల మీద పడ్డాడు. పళ్లేలు బకెట్ల మీద పడ్డాయి. గంగాళం ఒక్కసారి తన చుట్టూ తను తిరిగి, ఆలోచించి, మెట్ల దారి పట్టింది. ఒక్కో మెట్టునూ పలకరించుకుంటూ అన్ని అంతస్తులూ దిగింది. కుక్కలు మొరిగాయి. పసిపిల్లలు ఏడుపందుకున్నారు. ఇంటి ఓనరు గుజరాతీలో ఏదో అడుగుతూ బయటికి ఉరికి, గంగాళం వస్తుంటే మళ్లీ లోపలికి ఉరికాడు. పక్క గల్లీలో క్రికెట్ ఆగిపోయింది.

ఆగయ్య తిరగలేదు.

భుజం కూడా అదరలేదు. వీపు ఇటు పెట్టి, తీరిగ్గా చేతులు తిప్పుతూనే ఉన్నాడు.

"చూసిన్రా" అంది నీలం చీర, పళ్లేల కింది నుంచి. "ఏం గుండె ధైర్యం. పెద్ద శిక్షణ తీసుకున్నోడు."

"పరుశురాం, జర నోరు మూస్కో" అన్నాడు బుచ్చిరాములు. అతను లలితమ్మ ముఖం చూస్తున్నాడు.

లలితమ్మ భర్త వీపు వైపే చూస్తోంది. "ఓ సంతోషి నాయినా" అని పిలిచింది. ఇంకోసారి గట్టిగా పిలిచింది. మూడోసారి ఆమె గొంతు కీచుమంది. ఆగయ్య ఎదుటి చీరల వైపు చూసి తల ఊపుతున్నాడు.

ఆమె సంచి అక్కడే వదిలేసి, నడిచిపోయి, అతనికి ఎదురుగా నిలబడింది.

ఆగయ్య ఉలిక్కిపడ్డాడు. తరవాత నవ్వాడు. నవ్వి తల ఊపాడు. అదే నవ్వు, అదే తల ఊపు.

"నీకు వినపడ్తలేదా?" అంది లలితమ్మ.

ముఖం ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట అందుకోవడం లూముల వాళ్లందరికీ అలవాటే. ఆగయ్య అందుకున్నాడు.

"చెవులల్ల లూము నడుస్తనే ఉంటది" అన్నాడు. గల్లీ అంతా వినిపించేలా అన్నాడు. "ఇంటికొచ్చినా ఆగుతలేదు. అందరికి గట్లనే ఉంటదనుకున్న. నువ్వేమో పొయ్యి దిక్కు మల్లి పెదాలు కదుపుతవు. చప్పుడు రాదు. నా మీద కోపమొచ్చి మాటలు బంద్ చేసి, లోపల్లోపల తిట్టుకుంటున్నవనుకున్న. ఎదురు చెప్తే ఎక్కువైతదని నవ్వుకుంట ఊకున్న."

"నేను మా అమ్మగారింటికి పోత అంటే గూడ నవ్వితివి."

"ఎప్పుడన్నవ్?"

లలితమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో బుచ్చిరాములుకి తెలియలేదు. తెలుసుకుని ఎవరికైనా చెప్పాలని కూడా అతనికి అనిపించలేదు.

ఎదుటి మేడ మీద చీరలు పక్కకు జరిగాయి. కడియం చెయ్యి, దాని వెనక గుబురు మీసం, మీసం వెనక ఓంప్రకాష్ బయటికొచ్చారు. ఆగయ్య పక్క లూము మీద పనిచేసే ఉత్తరప్రదేశ్ మనిషి. అతనికి తెలుగు రాదు, ఆగయ్యకు అతని భాష రాదు. చేతులు మాత్రం ఇద్దరికీ వచ్చు.

"రోజు గీయనతోనే చెప్పుకుంటున్న. నా పెండ్లాం నాతోని తెంపుకున్నది, ఏం చెయ్యాలె అని" అన్నాడు ఆగయ్య. "చీర కొనుక్కపొమ్మన్నడు. చీరలు నేసేటోని ఇంట్ల చీర ఏం పనిచేస్తది అన్న."

ఓంప్రకాష్ అరచేతులు పైకి తిప్పి, ఏమైందని అక్కడి నుంచి అడిగాడు. ఆగయ్య చేతులు లేపేలోపలే లలితమ్మ తిరిగింది. తన చెవి పట్టుకుని, భర్త వైపు చూపించి, చెయ్యి అటూ ఇటూ ఆడించింది. తరవాత తన రెండు చేతులూ ఒకదానిలో ఒకటి గట్టిగా ముడేసింది.

ఓంప్రకాష్‌కి ఒక్క ముక్కా చెప్పనక్కరలేకపోయింది. మీసంలోనే నవ్వి, చీరల వెనక్కి వెళ్లిపోయాడు.

"బుచ్చన్నా, గా ముడి వేసుడంటే ఏంది?" అని పరుశురాం చెవిలో అడిగాడు. నుదుటి మీద పళ్లెం అంచు అచ్చు పడింది.

"రైలెక్కుతలేదు అని." బుచ్చిరాములు ఆగయ్య ముందుకు పోయి, చెవి చూపించి, రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి తీసుకుపోతానని పెదాలు సాగదీసి చెప్పాడు. ఆగయ్య తల ఊపాడు. ఈసారి లలితమ్మ నమ్మలేదు. ఏమన్నాడో తిరిగి చెప్పమంది. "డాక్టర్ కాడికంట" అని అతను మళ్లీ గల్లీ అంతటికీ చెప్పాడు.

పరుశురాం లేచి, చీర దులుపుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మొదటి దినమే నాకనుమానం వచ్చింది. చప్పుడు పరీక్ష ఒక్కటే మిగిలిందని, కావాలనే గా గంగాళం..."

లలితమ్మ అతని వైపు తిరిగింది. చెల్లాచెదురైన పళ్లేల మీదుగా, సొట్టలు పడ్డ బకెట్ల మీదుగా, గంగాళం పోయిన మెట్ల దాకా చూపు పోనిచ్చి, తిరిగి తెచ్చి, పరుశురాం ముఖం మీద నిలిపింది.

పరుశురాం మాట సగంలో ఆగిపోయింది. వీడియోలు, పుస్తెలతాళ్లు, చీకటి నీడలు ఏవీ గుర్తురాలేదు. జీవితంలో మొట్టమొదటిసారి అతను ఒక మనిషి చూపుని తప్పులేకుండా చదివాడు.

గంగాళం తేవడానికి కిందికి దిగాడు.