కొసరి వడ్డించని విందు

ఈ వ్యవహారం మొదలయ్యేనాటికి నా చేతిలో రెండు ఆస్తులున్నాయి. ఒకటి చిత్తూరులో బెల్లం మండీ. రెండోది తిరుపతిలో, పిలవకపోయినా వెళ్లి భోంచేయగల ఒక ఇల్లు. మొదటిదానికి బ్యాంకువాళ్లు విలువ కట్టారు. రెండోదానికి నేనే కట్టుకున్నాను. మండీ కంటే కాస్త ఎక్కువే వేశాను.

ఆ ఇల్లు నా మిత్రుడు మునిశేఖర్‌ది. అతనికి ఇనుప సామాన్ల కొట్టు ఉంది. సరుకు పని మీద తిరుపతి వెళ్లినప్పుడల్లా నేను నేరుగా వాళ్ల వంటింట్లోకి నడిచి గిన్నె మూత తీసేవాణ్ణి. "చెయ్యి కడగకుండానే మూత తీస్తావే అన్నా! కూసో, సంగటి ఆరిపోతా ఉండాది," అని అతని భార్య పంకజాక్షి తిట్టేది. నేను చాలనేవాణ్ణి. ఆమె ఇంకో ముద్ద వేసేది. మా జిల్లాలో ఇది ఉభయ పక్షాల ఒప్పందం. విస్తరికి చేతులు అడ్డం పెట్టడం అతిథి విధి. ఆ చేతుల సందులోంచి వడ్డించడం ఇంటివారి విధి.

ఈ మధ్య మునిశేఖర్ అభివృద్ధి చెందాడు. రేణిగుంట రోడ్డులో ఫ్లాటు కొని, అందులో ఎనిమిది కుర్చీల డైనింగ్ టేబుల్ వేశాడు. వెంటనే నాకు వాట్సాప్‌లో ఆహ్వానం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం విందు. రాకను ముందుగా ధ్రువీకరించవలెను. ముందు సంతోషించాను. తర్వాత వర్తకుడి బుర్రతో ఆలోచించాను. పిలుపు వచ్చిందంటే, ఇకమీదట పిలుపు లేకుండా రాకూడదనే కదా! నా ఆస్తికి ఎవరో ఎసరు పెడుతున్నారు.

విందుకు ముందు మునిశేఖర్ లేచి నిలబడి ప్రసంగించాడు. "మిత్రులారా! బలవంతంగా వడ్డించడం అనాగరికం. అతిథి ఆకలి అతిథి సొంత విషయం. ఈ ఇంట్లో ఎవరి గరిటె వారిదే!" మేమంతా చప్పట్లు కొట్టాం.

తర్వాత పంకజాక్షి గుత్తివంకాయ గిన్నె పట్టుకుని, గుడి ఆఫీసులో పనిచేసే శఠగోపం గారి దగ్గర ఆగింది. ఆయన పెద్దమనిషి కనుక, "వద్దమ్మా, పొద్దున టిఫినే బాగా అయింది," అన్నారు. పంకజాక్షి "సరే స్వామీ" అని గిన్నె పక్కకు జరిపింది. బేరంలో "వద్దులే" అని నాలుగడుగులు వేసినా వెనక్కి పిలవని కొట్టువాణ్ణి చూసినట్టు ఆయన ఆ గిన్నెకేసి చూస్తూ ఉండిపోయారు. ఆయనే వద్దన్నాక మేం పెట్టుకుంటే ఏం మర్యాద? పులిహోర, వడలు, పాయసం టేబుల్ చుట్టూ ఊరేగి, వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చాయి. పాత ఇంట్లో ఎవరూ చెప్పకుండానే మూత తీసిన నా చెయ్యి, ఇక్కడ చెప్పినా కదల్లేదు.

చెయ్యి కడుక్కునే వంకతో వంటింట్లోకి వెళ్లాను.

"ఒక్కరన్నా పెట్టుకోండన్నా," అంది పంకజాక్షి గుసగుసగా. "మీరు తింటే కదా నేను తినేది. కడుపు కాలతా ఉండాది."

"ఒక్కసారి గట్టిగా తినమని చెప్పు తల్లీ. అందరూ తింటారు."

"చెప్పకూడదంట. మీ స్నేహితుడు వారం నుంచీ నేర్పించినాడు."

విందు దిగ్విజయంగా ముగిసింది. నిండుగా మిగిలిన గిన్నెలను మునిశేఖర్ ఫోటో తీసి, ఇంతటి నిగ్రహం గల మిత్రులు దొరకడం తన అదృష్టమని గ్రూపులో పెట్టాడు. బస్టాండు పక్కన దోసె తింటూ నేను దానికి చప్పట్ల బొమ్మ పంపాను. శఠగోపం గారు పక్క బల్ల మీద రెండో దోసెకు చెప్పి ఉన్నందువల్ల వెంటనే పంపలేకపోయారు.

అయినా ఆస్తిని అంత తేలిగ్గా వదులుకోవడం వర్తక ధర్మం కాదు. హక్కు మిగిలిందో లేదో తేల్చుకుందామని తర్వాతి వారం మధ్యాహ్నం, చెప్పకుండా వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి పైకి ఫోన్ చేశాడు. మునిశేఖర్ లుంగీతో పరుగెత్తుకొచ్చాడు. అతని కుడిచేతి వేళ్లకు సంగటి అంటుకుని ఉంది.

"ఏమబ్బా, ఒక్క ఫోను చేసుంటే..." అన్నాడు.

"తింటా ఉన్నావా?"

"ఆ. వంటింట్లో, కింద కూసోని. సంగటి, రోట్లో నూరిన శనక్కాయల ఊరుబిండి." సిగ్గుతో అతని గొంతు తగ్గిపోయింది. "అట్లాంటి చోటికి నిన్నెట్లా పిలిచేదప్పా? పద, హోటల్‌కి పోదాం."

ఆ చోటే కావాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అతనంత నాగరికుడయ్యాక నేను మోటువాణ్ణి కావడం ఏం బాగుంటుంది? భోజనమైపోయిందని అబద్ధమాడి బస్సెక్కాను.

జరిగింది చెప్తే నా భార్య అమల, "వాళ్లు మనల్ని పిలిచినాక మనం పిలవకపోతే ఏం బాగుంటాది?" అంది. ఆ నెలలోనే మా ఇంట్లోకీ డైనింగ్ టేబుల్ దిగింది.

ఇక చివరి లెక్క. పోయిందాన్ని రాయను, అది పైకి కనబడదు. వచ్చింది మాత్రం అందరూ చూడవచ్చు: గాజు పలక వేసిన ఒక టేబుల్, తొమ్మిది కుర్చీలు. మునిశేఖర్ కంటే ఒకటి ఎక్కువ. నేనూ అమలా రోజూ వంటింట్లో నేల మీదే తింటున్నాం. మీరు కూడా తప్పక రావాలి. కాకపోతే ముందు ఒక ఫోన్ చేయండి. లేచి, చేతులు కడుక్కుని, టేబుల్ దగ్గర కూర్చుంటాం.